ఉప్పునీటి అక్వేరియంలో ఏ చేపకు ఏది సరిజోడు

ఉప్పునీటి తొట్టెలో చేపలు కొట్టుకునేది చాలావరకు చోటు కోసమే. పగడపు దిబ్బల మీద ఒక్కో చేపకు తనదనుకునే బొరియో, రాతి పగులో, ఇసుక మేటో ఉంటుంది. సముద్రంలో ఓడిన చేప పక్క దిబ్బకు తప్పుకుంటుంది. మూడడుగుల గాజు తొట్టెలో దానికి ఆ దారి లేదు, గెలిచిన చేపకు రోజంతా కళ్లెదుటే ఉంటుంది. అందుకే రెండు చేపలను కలిపే ముందు "ఇవి శాంతమైనవేనా" అని అడిగితే చాలదు. "ఇవి రెండూ ఒకే చోటు కోరుకుంటాయా" అని అడగాలి. ఒంటి ఆకారం, రంగు, తిండి ఎంత దగ్గరగా ఉంటే పోరు అంత తప్పదు. మంచివని పేరున్న రెండు చేపలు ఒకే రాతి గుహకు ఆశపడితే వాటిలో ఒకటి మిగలదు.

ఇంకో సంగతి. అమ్మకానికి ఉండే చేపల్లో చాలావరకు పిల్లలే. రెండంగుళాలున్న నీలి టాంగ్ ముచ్చటగా ఉంటుంది, పెరిగితే అడుగు పొడవవుతుంది. ఈ వ్యాసంలో రాసిన పొడవులన్నీ పెద్దయ్యాక పొడవులే. తొట్టె లెక్క కూడా అలాగే: 100 లీటర్ల తొట్టెలో రాయి, ఇసుక పోగా మిగిలే నీళ్లు దాదాపు 80, 85 లీటర్లే.

నీటి విషయంలో ఎంపిక పెద్దగా లేదు. కింద చెప్పిన చేపలన్నిటికీ, నీటిగుర్రం తప్ప, 24 నుంచి 26 డిగ్రీల వేడి, 1.025 సాంద్రత (నీటిలో ఉప్పు ఎంతుందో చెప్పే కొలత), 8.1 నుంచి 8.4 మధ్య పీహెచ్ సరిపోతాయి. చేపల వ్యర్థాల నుంచి పుట్టే విషాలైన అమ్మోనియా, నైట్రైట్ సున్నా ఉండాలి. వాటిని విరిచే బ్యాక్టీరియా పెరిగేందుకు, కొత్త తొట్టెలో చేపలు లేకుండా 2 పీపీఎం (లీటరుకు 2 మిల్లీగ్రాములు) అమ్మోనియా వేసి, అది 24 గంటల్లో పూర్తిగా సున్నాకు వచ్చి, నైట్రైట్ కూడా సున్నా చూపించేదాకా ఆగాలి. దీనికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆవిరైన నీటికి బదులు పోసేది మంచినీళ్లే, ఉప్పునీళ్లు కాదు. ఉప్పు ఆవిరి కాదు కాబట్టి ఉప్పునీళ్లే పోస్తూ పోతే సాంద్రత పెరిగిపోతుంది.

క్లౌన్ చేపలు: ఏ రకం, ఎన్ని

మొదటి తొట్టెకు ఆసెల్లారిస్ క్లౌన్ కన్నా మంచి చేప లేదు. మూడు, మూడున్నర అంగుళాలకు మించదు, అన్నీ తింటుంది, తొట్టెలో పుట్టి పెరిగిన పిల్లలు సులువుగా దొరుకుతాయి. పెర్కులా కూడా దాదాపు ఇలాంటిదే. టొమాటో క్లౌన్ ఐదంగుళాలు, మెరూన్ క్లౌన్ ఆడది ఆరంగుళాలు పెరుగుతాయి. ఈ రెండూ మీ చేతిని కూడా కరుస్తాయి, చిన్న తొట్టెలో మిగతా చేపలను ఒక మూలకు నెట్టేస్తాయి. శాంతమైన తొట్టె కావాలనుకుంటే మెరూన్ జోలికి పోవద్దు.

క్లౌన్‌లన్నీ మొదట మగగానే ఎదుగుతాయి. గుంపులో పెత్తనం చేసేది ఆడదవుతుంది, దాని తర్వాతది మగగా జత కడుతుంది. దీన్నిబట్టి ఏం కొనాలో తేలుతుంది. రెండూ చిన్నవే కొనండి, ఒకటి మరోదానికన్నా స్పష్టంగా పెద్దదిగా ఉండాలి. ఇప్పటికే ఆడదైపోయిన రెండు పెద్ద చేపలను కలిపితే ఒకటి చస్తుంది. మూడోదాన్ని వేస్తే జత కట్టిన రెండూ కలిసి దాన్ని చంపుతాయి. చిన్న చేప పెద్దదాని ముందు ఒంటిని పక్కకు వాల్చి వణికిస్తే అది లొంగుబాటు, గొడవ కాదు. రెండు వేర్వేరు రకాల క్లౌన్‌లను ఒకే తొట్టెలో వేయవద్దు. సముద్రంలో క్లౌన్ ఆశ్రయం పొందే ఎనిమోన్ అనే పువ్వులాంటి జీవి తొట్టెలో తప్పనిసరి కాదు. ఎనిమోన్‌కు బలమైన వెలుతురు, నిలకడైన పాత తొట్టె కావాలి, అవి కుదిరేదాకా ఆగవచ్చు.

గుహలో ఉండేవి: గ్రామానా, డాటీబ్యాకా

కొనేవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. రాయల్ గ్రామా ముందు సగం ఊదా, వెనక సగం పసుపు. రాయల్ డాటీబ్యాక్ కూడా అంతే. గ్రామాకు ఆ రెండు రంగులు మధ్యలో చుక్కలుగా కలిసిపోతాయి, వీపు రెక్క ముందు భాగంలో నల్ల మచ్చ, కంటి మీదుగా నల్లని గీత ఉంటాయి. డాటీబ్యాక్‌కు రంగులు కోసినట్టు విడిపోతాయి, మచ్చ ఉండదు. స్వభావంలో మాత్రం పొంతనే లేదు. గ్రామా తన గుహ దగ్గరికి వచ్చినవాళ్లకు నోరు తెరిచి చూపించి ఊరుకుంటుంది. డాటీబ్యాక్ తొట్టె అంతా తనదే అనుకుంటుంది, చిన్న రొయ్యలను కూడా తింటుంది.

మూడంగుళాల గ్రామాకు 100 లీటర్లు చాలు. తొట్టెకు ఒకటే వేయాలి. డాటీబ్యాక్ కావాలనే ఉంటే పూర్తి ఊదా రంగులో ఉండే ఆర్కిడ్ డాటీబ్యాక్ తీసుకోండి, ఆ కుటుంబంలో మెత్తనిది అదే. తొట్టెలో పుట్టినవి దొరుకుతాయి. గ్రామానూ ఏ డాటీబ్యాక్‌నూ మాత్రం కలపవద్దు, ఆకారం, గుహ, తిండి మూడూ ఒకటే.

మధ్యలో ఈదేవి: డామ్సెల్, క్రోమిస్, కార్డినల్

చౌకగా, గట్టిగా ఉంటాయని కొత్త తొట్టెలో మొదట డామ్సెల్‌లను వేయడం పాత అలవాటు. ఆ అలవాటే చాలా తొట్టెలను పాడుచేసింది. మూడు చుక్కల డామినో డామ్సెల్ ఐదంగుళాలదాకా పెరుగుతుంది, నలుపు తెలుపు చారల డామ్సెల్ దానికన్నా చిన్నదే గానీ అంతే కోపిష్టి. ముందుగా వెళ్లి చోటంతా ఆక్రమించుకున్నాక వీటి తర్వాత వేసే ప్రతి చేపా దెబ్బలు తింటుంది. రాళ్లన్నీ తీస్తే తప్ప పట్టుబడవు కూడా. ఆ నీలి రంగే కావాలంటే పసుపు తోక డామ్సెల్ ఒకటి, అదీ చివర్లో. డామ్సెల్‌లలో కాస్త సర్దుకుపోయేది అదే.

గుంపుగా ఈదే చేపలు కావాలనుకునేవాళ్లు గ్రీన్ క్రోమిస్ వైపు చూస్తారు. సముద్రంలో వందలుగా ఉంటాయి నిజమే. తొట్టెలో మాత్రం పెద్దది చిన్నదాన్ని ఒక్కొక్కటిగా వెంటాడి చంపుతుంది. ఏడు తెస్తే కొన్ని నెలలు తిరిగేసరికి ఒకటో రెండో మిగలడం తరచూ జరిగేదే. పైగా ఒంటి మీద ఎర్రటి పుండ్లు పుట్టించే యురోనిమా అనే పరాన్నజీవి వీటికి తేలిగ్గా పడుతుంది. వీటికి బదులు పైజామా కార్డినల్‌లు మూడు నుంచి ఐదు తీసుకుంటే గుంపు నిలబడుతుంది. మూడు, మూడున్నర అంగుళాలు, నెమ్మది చేపలు, రాత్రి చురుగ్గా ఉంటాయి, ఎవరి జోలికీ పోవు. బాంగాయ్ కార్డినల్ చూడటానికి ఇంకా అందమైనది గానీ గుంపుగా పనికిరాదు. ఒక జత కుదిరాక మిగతావాటిని చంపేస్తుంది. ఒక్కటి వేయండి, లేదా ముందే కుదిరిన జతను తీసుకోండి. ఇది సహజంగా ఇండోనేషియాలోని బాంగాయ్ దీవుల చుట్టుపక్కల మాత్రమే బతికే చేప. 2007లో అంతరించే ముప్పున్న జాతుల జాబితాకెక్కింది, కాబట్టి తొట్టెలో పుట్టినదాన్నే అడిగి తీసుకోండి.

అడుగున, రాళ్ల మధ్య

ఇక్కడ పోటీ తక్కువ, అందుకే ఏ కూర్పులోనైనా ఒక అడుగు చేప ఇమిడిపోతుంది. పసుపు వాచ్‌మన్ గోబీ మూడు, నాలుగు అంగుళాలు. దీన్ని పిస్టల్ రొయ్యతో కలిపి వేయండి. చూపు సరిగా లేని ఆ రొయ్య బొరియ తవ్వుతుంటే గోబీ వాకిట్లో కాపలా కాస్తుంది, రొయ్య ఒక మీసాన్ని ఎప్పుడూ గోబీ ఒంటికి ఆనించి ఉంచుతుంది. ఈ జంటకు రెండు మూడంగుళాల ఇసుక కావాలి, అందులో చిన్న పగడపు ముక్కలు కలిసి ఉండాలి. పెద్ద రాళ్లను ఇసుక మీద కాకుండా తొట్టె అడుగు మీదే ఆనించి, తర్వాత ఇసుక పోయాలి. లేకపోతే రొయ్య కింద తవ్వగానే రాళ్లు కూలి చేప నలిగిపోతుంది, గాజు కూడా పగలవచ్చు.

ఫైర్‌ఫిష్ మూడంగుళాల పిరికి చేప. ఎవరితోనైనా కలుస్తుంది, తన జాతితో తప్ప. ఒకటే వేయండి. బెదిరితే నీళ్లలోంచి ఎగిరి నేల మీద పడుతుంది, కాబట్టి ఆరు మిల్లీమీటర్ల కన్నుల వలమూత లేని తొట్టెకు దీన్ని తేవద్దు. తీగలు వెళ్లేందుకు మూతలో వదిలిన చిన్న సందు కూడా దీనికి చాలు.

బ్లెన్నీలలో టెయిల్‌స్పాట్ రెండున్నర అంగుళాలు, చిన్న తొట్టెకు అదే నయం. లాన్‌మోవర్ బ్లెన్నీ ఐదంగుళాలు. నాచు తింటుందని కొత్త తొట్టెకు తెచ్చుకుంటారు. నాచు అయిపోయాక పొట్ట లోపలికి పోయి, ఎండిన నోరి ఆకునో (ఆకులా చేసిన సముద్రపు నాచు) మేత మాత్రలనో ముట్టక ఆకలితో చస్తుంది. 200 లీటర్లు దాటి, రాళ్ల మీద పలచటి నాచు ఎప్పుడూ ఉండే తొట్టెకే అది తగింది. తొట్టెకు ఒక్క బ్లెన్నీ చాలు.

మాండరిన్ గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే ఇంత అందమైన చేప ఇంత ఎక్కువగా ఆకలికి చచ్చిపోవడం బాధ కలిగించే విషయం. అది ఎవరితోనూ గొడవ పడదు, ఆ లెక్కన అన్నిటికీ సరిజోడే. కానీ పొద్దుట్నుంచి సాయంత్రందాకా రాళ్ల మీద పాకే కోపీపాడ్లనే సూక్ష్మ జీవులను ఒక్కొక్కటిగా ఏరుకుని తింటుంది. 200 లీటర్లకు తగ్గకుండా, నిండా లైవ్ రాక్‌తో (సూక్ష్మజీవులు పట్టిన సముద్రపు రాయి), కనీసం ఆరు నెలలు నడిచిన తొట్టె కావాలి. ఏడాది నడిస్తే ఇంకా మంచిది. ఆరు చారల రాస్ తినేవీ ఆ కోపీపాడ్లనే, కాబట్టి ఆ రెంటిలో ఒకదాన్నే ఎంచుకోవాలి. గడ్డకట్టిన మేత తింటున్న చేపను, అది తినడం మీ కళ్లతో చూసి కొంటేనే భరోసా. రెండు మగ మాండరిన్‌లను ఎప్పుడూ కలపవద్దు.

రాస్‌లు

ఆరు చారల రాస్ మూడంగుళాలే, రాళ్ల మీది చిన్న పురుగులను ఏరి తింటుంది. మొదటి కొన్ని నెలలు మంచిగానే ఉంటుంది, చోటు తనదయ్యాక కొత్తగా వచ్చిన ప్రతి చేపనూ తరుముతుంది. ఇక చేపలేవీ చేర్చను అనుకున్న రోజునే దాన్ని వేయండి. ఇంకా చేపలు చేర్చాలనుంటే ఫెయిరీ రాస్, ఫ్లాషర్ రాస్ రకాలు నయం. వాటికి మధ్య నీళ్లలో ఈదేందుకు మూడడుగుల పొడవు, వలమూత కావాలి. హాలికోరీస్ రకాలు రాత్రి ఇసుకలో దూరి పడుకుంటాయి, రెండంగుళాల మెత్తటి ఇసుక లేకపోతే ఒళ్లు గీసుకుపోతుంది. క్లీనర్ రాస్‌ను మాత్రం వదిలేయండి. దానికి ఇతర చేపల ఒంటి మీది పరాన్నజీవులే తిండి, ఇంటి తొట్టెలో అది చాలక చిక్కిపోతుంది. ఆ పని రెండంగుళాల నియాన్ గోబీ గానీ క్లీనర్ రొయ్య గానీ చేస్తాయి.

టాంగ్‌లు, మరుగుజ్జు యాంజెల్‌లు

టాంగ్‌లకు లీటర్ల కన్నా పొడవు ముఖ్యం. ఎనిమిదంగుళాల పసుపు టాంగ్‌కు కనీసం నాలుగడుగుల తొట్టె, 350 నుంచి 400 లీటర్లు. అడుగు పొడవు పెరిగే నీలి టాంగ్‌కు ఆరడుగులు, 700 లీటర్లు. అంత తొట్టె "తర్వాత కొంటాం" అనుకుని ముందు చేపను తేవద్దు. ఇరుకులో ఉన్న టాంగ్‌కు, పరాన్నజీవి వల్ల ఒంటి మీద తెల్ల చుక్కలు లేచే మచ్చల రోగం త్వరగా పట్టి, దాన్నుంచి తొట్టెలోని చేపలన్నిటికీ అంటుకుంటుంది. తోక మొదట్లో ఉండే కత్తిలాంటి ముల్లుతో ఎదుటి చేపను నిజంగానే చీలుస్తుంది. పసుపు, ఊదా, సెయిల్‌ఫిన్ టాంగ్‌లు ఒకే ప్రజాతి, కలిస్తే పోరు ఖాయం. రెండు టాంగ్‌లు కావాలంటే ఆకారం వేరైనవి, పసుపు టాంగ్‌తో కోలే టాంగ్ లాంటివి, ఒకే రోజు వేయాలి. రోజూ నోరి ఆకు క్లిప్పుకు పెట్టి వేలాడదీయాలి. కడుపు నిండిన టాంగ్ కొట్లాట కూడా తగ్గుతుంది.

మరుగుజ్జు యాంజెల్‌లలో కోరల్ బ్యూటీ, ఫ్లేమ్ యాంజెల్ రెండూ నాలుగంగుళాలు. కోరల్ బ్యూటీ కాస్త మెత్తనిది. ఎంచుకునే ముందు తొట్టెలో పగడాలు పెంచుతారా లేదా తేల్చుకోండి. ఈ చేపల్లో కొన్ని పగడాలను అస్సలు ముట్టవు, కొన్ని రోజూ కొరుకుతాయి, ఏది ఏ రకమో కొనేముందు చెప్పలేం. ఖరీదైన కండ పగడాలుంటే ఆ తొట్టెకు యాంజెల్ వద్దు. తొట్టెకు ఒక్క మరుగుజ్జు యాంజెలే.

నోట్లో పట్టేదంతా మేతే

లయన్ ఫిష్ ఎవరినీ తరమదు, దాని నోట్లో పట్టే చేపను మాత్రం రాత్రికి రాత్రే మింగేస్తుంది. పదిహేనంగుళాలు పెరిగే లయన్ ఫిష్ పక్కన క్లౌన్, గోబీ, కార్డినల్ ఉండకూడదు. టాంగ్, ఫాక్స్‌ఫేస్ లాంటి పెద్ద చేపలతో సర్దుకుంటుంది. ట్రిగ్గర్‌లతో వద్దు, అవి దాని పొడవాటి రెక్కలను కొరికేస్తాయి. ట్రిగ్గర్‌లలో నైజర్ కొంత నయం, క్లౌన్ ట్రిగ్గర్‌ను ఒంటరిగా పెంచాల్సిందే. హాక్‌ఫిష్ చిన్నదైనా రొయ్యలను వదలదు. లయన్ ఫిష్, ఫాక్స్‌ఫేస్ రెండిటి ముళ్లలోనూ విషం ఉంది. గుచ్చుకుంటే చర్మం కాలనంత, ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో ముంచి వెంటనే వైద్యుడి దగ్గరికి వెళ్లాలి. నీటిగుర్రాలకు ఇంకొంచెం చల్లని, ప్రవాహం తక్కువైన వేరే తొట్టె కావాలి. ఏ చురుకైన చేప పక్కనున్నా మేత వాటి దాకా రాదు.

మూడు తొట్టెలకు మూడు కూర్పులు

80 నుంచి 100 లీటర్లు: ఆసెల్లారిస్ జత, వాచ్‌మన్ గోబీ, పిస్టల్ రొయ్య. వీటికి తోడు గ్రామా గానీ ఫైర్‌ఫిష్ గానీ ఒకటి. అక్కడితో ఆపాలి.

200 నుంచి 250 లీటర్లు: ఆసెల్లారిస్ జత, మూడు పైజామా కార్డినల్‌లు, వాచ్‌మన్ గోబీ, టెయిల్‌స్పాట్ బ్లెన్నీ, గ్రామా. చివరిగా ఒక ఫెయిరీ రాస్. పగడాలు లేకపోతే దాని బదులు కోరల్ బ్యూటీ వేసుకోవచ్చు.

నాలుగైదడుగులు, 400 లీటర్లు: పైదంతా, చివర్లో పసుపు టాంగ్. యాంజెల్ కూడా కావాలంటే టాంగ్‌కు ముందు వేయండి.

ఏది ముందు, ఏది తర్వాత

పిరికివి ముందు, పెత్తనం చేసేవి చివర. ఫైర్‌ఫిష్, గోబీ, కార్డినల్‌లతో మొదలుపెట్టి, తర్వాత బ్లెన్నీ, గ్రామా, క్లౌన్‌లు, ఆపై రాస్, యాంజెల్, టాంగ్. ఒక్కో విడతలో ఒకటో రెండో చేపలు, మధ్య రెండు మూడు వారాల విరామం. వడపోత బ్యాక్టీరియా కొత్త భారానికి సరిపడేంత పెరగడానికి ఆ సమయం కావాలి. ఈ వరుస తప్పితే మంచి కూర్పు కూడా చెడుతుంది.

ప్రతి కొత్త చేపా నాలుగు వారాలు వేరే తొట్టెలో గడపాలి. 40 నుంచి 80 లీటర్ల ఖాళీ తొట్టె, అసలు తొట్టె సంప్‌లో (నీళ్లు వడపోసే పక్క తొట్టె) కొన్ని వారాలు నానిన స్పాంజి ఫిల్టర్, హీటర్, దాక్కోవడానికి పీవీసీ గొట్టం ముక్కలు చాలు. ఇసుక, రాయి వేయవద్దు, అవి పరాన్నజీవులను చంపే రాగి మందును పీల్చుకుంటాయి. రాగి మందు వాడితే మోతాదును టెస్ట్ కిట్‌తో రోజూ కొలవాలి. ఆ మందు అసలు తొట్టెలో పడితే రొయ్యలు, నత్తలు, పగడాలు చస్తాయి. ఈ దశ దాటవేసి మచ్చల రోగాన్ని తొట్టెలోకి తెచ్చుకుంటే, చేపలన్నిటినీ బయటకు తీసి మందు వేస్తూ, తొట్టెను 76 రోజులు చేపలు లేకుండా ఉంచాల్సి వస్తుంది.

దూరం నుంచి సంచిలో వచ్చిన చేపను గంటల తరబడి చుక్కచుక్కగా నీళ్లు కలుపుతూ ఉంచవద్దు. సంచి విప్పగానే అందులోని కార్బన్ డయాక్సైడ్ పోయి పీహెచ్ పెరుగుతుంది. అంతవరకు హానిలేని రూపంలో ఉన్న అమ్మోనియా విషంగా మారుతుంది. మంచి పద్ధతి ఏమిటంటే, వేరే తొట్టె సాంద్రతను ముందే సంచి నీటికి సమానంగా ఉంచి, మూసిన సంచిని 20 నుంచి 30 నిమిషాలు తేలనిచ్చి, విప్పి చేపను మాత్రమే లోపలికి మార్చడం. సాంద్రతను తర్వాత రోజులు పట్టేలా మెల్లగా పెంచుకోవచ్చు.

గొడవ మొదలైతే

తొలి రెండు రోజుల తరమడం మామూలే. రెక్కలు చీలడం, నీటి పైమూలలో నిలబడిపోవడం, మేత వేసినా బయటకు రాకపోవడం, వేగంగా ఊపిరి తీయడం, వీటిలో ఏది కనిపించినా జోక్యం చేసుకోవాలి.

కొత్త చేపను చిల్లులున్న పారదర్శకపు పెట్టెలో, తొట్టె లోపలే, మూడు నుంచి ఏడు రోజులు ఉంచడం చాలాసార్లు పనిచేస్తుంది. పాత చేప పెట్టె గోడను పొడవడం మానేసినప్పుడే వదలండి, అదీ దీపాలు ఆర్పాక. వదిలే రోజు రాళ్లను కొంత మార్చితే పాత సరిహద్దులు చెదిరిపోతాయి. టాంగ్ కోపంగా ఉంటే గాజు బయట ఒక అద్దం ఆనించండి, రెండు రోజులు దాని ధ్యాస తన ప్రతిబింబం మీదే ఉంటుంది. ఇవేవీ పనిచేయకపోతే దెబ్బలు తింటున్నదాన్ని కాదు, కొడుతున్నదాన్ని తీసి వారం రోజులు పెట్టెలో పెట్టాలి. అది తిరిగి వచ్చేసరికి రెండోది తన చోటు కుదుర్చుకుని ఉంటుంది. పట్టడానికి వలతో వెంటపడితే చేపలన్నీ బెదిరిపోతాయి. తలుపు తెరిచిన ఉచ్చు పెట్టెలోనే రెండు మూడు రోజులు మేత వేసి, లోపలికి అలవాటుపడ్డాక తలుపు మూయండి.

తిరిగి వేసిన తర్వాత కూడా కొరుకుతూనే ఉంటే ఆ చేప ఆ తొట్టెది కాదు. కొన్నచోటికే తిరిగి ఇవ్వండి, లేదా దానికి తగిన తొట్టె ఉన్న మరొకరికి అప్పగించండి. సముద్రంలో మాత్రం వదలవద్దు. ఇండో పసిఫిక్ లయన్ ఫిష్ అమెరికాలోని ఫ్లోరిడా తీరంలో మొదట 1985లో కనిపించింది. అక్వేరియంల నుంచి వదిలినవే దానికి మూలమని భావిస్తారు. ఇప్పుడు అది కరీబియన్ అంతటా స్థానిక చేప పిల్లలను తింటోంది.